ఒకే పేరు, వేరు వంశాలు: పగడపు దిబ్బల చేపలు, మన చెరువు చేపలు

జంతుశాస్త్ర తరగతిలో ఒక చేపను బల్లమీద పెట్టి, ‘ఇదేమి చేప?’ అని అడిగి చూడండి. భూపాలపల్లి, పరకాల వైపు నుండి వచ్చిన విద్యార్థి ‘కొర్రమట్ట’ అంటాడు. కోస్తా జిల్లాలలో బంధువులున్న విద్యార్థి ‘కొర్రమీను’ అంటాడు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థిని ‘మరల్ మఛ్లీ’ అంటుంది. పాఠ్యగ్రంథంలో మాత్రం ‘చన్నా స్ట్రయేటా’ అని అచ్చయి ఉంటుంది. ఒక చేపకు ఇన్ని పేర్లుండుటవలన నష్టమేమీ లేదు. పైగా రెండు భాషల కళాశాలకు అదొక సంపద. నష్టమంతా దీనికి విపర్యయమైన స్థితిలో కలదు. అనగా ఒకే పేరుక్రింద అనేక వంశాలు దాగి ఉన్నప్పుడు, పేరొకటే గనుక వంశమూ ఒకటేనని మనం నిశ్చింతగా కూర్చున్నప్పుడు, ఆ వంశాలలో ఒకటి అంతరించినా మనకు తెలియదు. చేప ఉన్నదిగదా అనుకొంటాము.

ఈ విషయాన్ని శాస్త్రజ్ఞులకు కళ్లకు కట్టినట్లు చూపినవి మన చెరువు చేపలు కావు. వేల మైళ్ల దూరాన, వెచ్చని సముద్రాలలోని ప్రవాళ భిత్తికల నడుమ, అనగా పగడపు దిబ్బల నడుమ బ్రతికే చేపలు. సముద్రమే చూడని మన విద్యార్థులలో చాలామందికి ఈ ప్రస్తావన వింతగా తోచవచ్చు. కాని ఆ దిబ్బల కథను చెప్పకుండా మన చెరువుల సంగతి చెప్పడం నాకు సాధ్యం కాలేదు. కొంచెం ఓపిక పట్టవలెనని మనవి.

జీవకణంలో కేంద్రకం వెలుపల మైటోకాండ్రియా అనే సూక్ష్మాంగాలుంటాయని ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా ఎరుగును. కణానికి శక్తినిచ్చే పొయ్యిలు అవి. వాటికి స్వంతమైన డి.ఎన్.ఏ. ఒకటున్నది. చేపలలో ఇది సుమారు 16,500 క్షారజతల పొడవుగల చిన్న వలయం. అందులో 37 జన్యువులు. మనిషిలోనూ దాదాపు ఇంతే. 16,569 క్షారజతల మానవ మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు పూర్తిగా చదివి ప్రకటించారు. దీని విశేషమేమనగా, ఇది సాధారణంగా తల్లినుండి మాత్రమే సంతానానికి సంక్రమిస్తుంది. తండ్రి భాగం ఇందులో కలియదు. కేంద్రకంలోని డి.ఎన్.ఏ. తరతరానికీ పేకముక్కలవలె కలగాపులగమవుతుండగా, ఇది మాత్రం తల్లినుండి బిడ్డకు, ఆ బిడ్డ ఆడదైతే దానినుండి దాని బిడ్డకు, చెక్కుచెదరక చేరుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు అటుపైన ఆ తల్లి సంతతికంతకూ ముద్రగా నిలిచిపోతుంది. అటువంటి ముద్రలను లెక్కించి ఏ చేపకు ఏ చేప ఎంత దగ్గరి చుట్టమో, ఎంతకాలం క్రితం విడిపోయినవో అంచనా వేయవచ్చు. 1987లో అమెరికాలోని జాన్ ఎవైస్, ఆయన సహచరులు ఈ మాతృవంశాలను భూపటం మీద పరచి చూసే విద్యకు ఒక పేరే పెట్టారు. దానిని మన భాషలో వంశ భూగోళశాస్త్రం అనవచ్చును.

ఇక పగడపు దిబ్బల సంగతి. అక్కడి చేపలలో అధికభాగం పెద్దవైన తరువాత తమ దిబ్బను విడిచిపోవు. కాని వాటి గుడ్లు, డింభకాలు మాత్రం సముద్ర ప్రవాహాలలో కొన్నాళ్లు, కొన్ని జాతులలో కొన్ని నెలలు కూడా కొట్టుకొనిపోతాయి. అందుచేత ఒక మహాసముద్రంలోని ఒక జాతి చేపలన్నీ ఒకే కలగలుపు కుటుంబమని శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. గాలికి ఎగిరిన జిల్లేడు గింజకు ఊరేమిటి, పొలిమేర ఏమిటి అన్నట్లు. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను చదవనారంభించిన తరువాత ఈ భావం కొంత నిలిచింది, కొంత కూలింది.

నిలిచినదానికి మోరే అనే పాముచేపలు ఉదాహరణ. వాటి డింభకాలు అతి దీర్ఘకాలం సముద్రంలో తేలుతాయి. 2010లో ప్రకటితమైన పరిశోధనలో రెండు మోరే జాతులను హిందూ, పసిఫిక్ మహాసముద్రాల నలుమూలలనుండి తెచ్చి పరీక్షింపగా, అంత విశాల జలరాశిలోనూ వంశభేదం కనబడలేదు. కూలినదానికి ఉదాహరణలు ఎక్కువ. గ్రూపర్ తెగకు చెందిన నెమలి గ్రూపర్ అనే చేప ఆఫ్రికా తీరం మొదలుకొని పసిఫిక్ ద్వీపాల వరకు ఒకే రూపంతో, ఒకే పేరుతో ఉన్నది. కాని దాని మాతృవంశాలు హిందూ మహాసముద్రానివి వేరు, పసిఫిక్‌వి వేరు. కారణం భూగర్భ చరిత్రలో ఉన్నది. సుమారు 20,000 ఏండ్లనాటి మంచుయుగపు ఉచ్ఛదశలో సముద్రమట్టం నేటికన్న ఇంచుమించు 120 మీటర్లు దిగువకు పోయింది. నేటి మలేషియా, సుమత్రా, జావా, బోర్నియోల నడుమ ఉన్న నీరు ఇంకి ఆ ప్రాంతమంతా నేలగా తేలింది. అంతకుముందరి మంచుయుగాలలోనూ అట్లే జరిగింది. రెండు మహాసముద్రాల నడుమ గోడ లేచినట్లయింది. నీరు మళ్లీ పొంగి ఆ గోడ మునిగి వేల ఏండ్లయినా చేపల రక్తమాంసాలలో ఆ గోడ గుర్తు చెరగలేదు.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది బంగ్గాయి కార్డినల్ చేప. ఇండోనేషియాలో బంగ్గాయి అనే చిన్న ద్వీపసమూహం ఉన్నది. ఈ చేప సహజంగా అక్కడ తప్ప లోకంలో మరెక్కడా లేదు. వేలెడు పొడవు, వెండివంటి ఒళ్లు, నల్లని చారలు. మగచేప గుడ్లను నోటిలో ఉంచుకొని పొదుగుతుంది. పిల్లలు బయటకు వచ్చి అక్కడే, తల్లిదండ్రుల దిబ్బమీదనే స్థిరపడతాయి. ప్రవాహంలో కొట్టుకొనిపోయే దశయే లేదు. ఫలితంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు దిబ్బల చేపలు సైతం వంశంలో వేరైపోయాయి. ఈ గుట్టమీద నిలుచుంటే ఆ గుట్ట కనబడుతుంది. కాని వేల ఏండ్లుగా రాకపోకలు లేవు. అలంకారపు అక్వేరియంల వ్యాపారానికి ఈ చేపను లక్షల సంఖ్యలో పట్టి ఎగుమతి చేశారు. 2007లో దీనిని ప్రమాదంలో ఉన్న జాతిగా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ప్రకటించింది. వ్యాపారుల చేతినుండి జారిన చేపలు స్వస్థలానికి వందల కిలోమీటర్ల ఆవల లెంబే జలసంధిలో గుంపులుగా పెరిగాయి. చేప అక్కడ లెక్కకు పెరిగింది. కాని బంగ్గాయిలో ఒక దిబ్బ ఖాళీ అయినచో, ఆ దిబ్బకు ప్రత్యేకమైన మాతృవంశం లెంబేలో దొరకదు. సంఖ్య వేరు, వైవిధ్యం వేరు. ఈ భేదమే నా వ్యాసానికి మూలం.

మన ఆంధ్ర తీరాన చెప్పుకోదగిన పగడపు దిబ్బలు లేకపోవుటకు కారణం కూడ మనకు పరాయిది కాదు. పగడపు జీవికి వెచ్చని, ఉప్పని, తేటనీరు కావలెను. గోదావరి, కృష్ణ ఏటేటా తెచ్చి పోసే మంచినీరు, ఒండ్రుమట్టి ఆ తేటదనాన్ని నిలువనీయవు. మన గణపురం, చెల్పూరు ప్రాంతపు వాగులన్నీ కడకు గోదావరి పాలయ్యేవే గనుక, అక్కడ పగడాలు పెరగకుండుటలో మన చెలకల మట్టికీ పాలున్నదని నేను తరగతిలో హాస్యానికి అంటుంటాను. అందుచేత భారతదేశంలో ఈ దిబ్బలను చూడదలచినవారు కచ్ సింధుశాఖకో, మన్నారు సింధుశాఖకో, లక్షద్వీపాలకో, అండమాన్ నికోబార్లకో పోవలసినదే.

అయినను మాతృవంశాలను చదివే విద్య మన హైదరాబాదులోనే గొప్పగా వర్ధిల్లింది. 1977లో ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అందరూ సి.సి.ఎం.బి. అనే సంస్థ, ఈ రంగంలో చేసిన పనులు రెండింటిని పేర్కొంటాను. మన తూర్పు తీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్ల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను కార్తీక్ శంకర్, లాల్జీ సింగ్, రమేశ్ అగర్వాల్ ప్రభృతులు చదివి 2004లో ప్రకటించారు. ఇక్కడి తాబేళ్లలో అతి ప్రాచీనమైన వంశమొకటి ఉన్నదనీ, ఇతర మహాసముద్రాలలోని ఆ జాతి తాబేళ్లు ఈ మూలంనుండి వ్యాపించి ఉండవచ్చుననీ వారి నిర్ణయం. మరుసటి సంవత్సరం తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు అండమాన్ ఆదివాసుల మాతృవంశాలను పరిశీలించి, అవి అత్యంత ప్రాచీనకాలంలోనే విడివడి ఒంటరిగా నిలిచినవని తెలిపారు. అంతకుముందే, 2003లో, మన చెంచు, కోయ ప్రజల మాతృవంశాలను పరిశీలించిన ఒక అంతర్జాతీయ బృందం, వారి మూలమూ ఇతర కులాల ప్రజల మూలమూ చాలవరకు ఒకే ప్రాచీన వారసత్వానికి చెందినవని వ్రాసింది. వంశం అనే మాట వినగానే హెచ్చుతగ్గులను వెదకే అలవాటు మన సమాజానికున్నది గనుక ఈ ముక్క చెప్పితిని. ఈ శాస్త్రంలో వంశానికి గొప్పా లేదు, కొద్దీ లేదు. ఉన్నదా, పోయినదా అనే ప్రశ్నే ఉన్నది.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. చెల్పూరు పేరు చెప్పగానే నలుగురికీ గుర్తువచ్చేది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు, ఆకాశాన్నంటే పొగగొట్టాలు. కాని ఈ ప్రాంతానికి విద్యుత్తు కంటె చాల పూర్వపు కీర్తి చెరువులది. పొరుగున గణపురంలో గణపతిదేవుని పేరు మోసే గణపసముద్రం, కోటగుళ్లు. ఇంకొంచెం ఆవల పాలంపేటలో రామప్ప చెరువు. కాకతీయుల కట్టలు 800 ఏండ్లుగా నీటిని ఆపుతున్నాయి. ఆ నీటిలో ఏ చేపలున్నవి? మా బాల్యంలో వల విప్పితే కొర్రమట్టలు, మట్టగిడసలు, మార్పులు, జెల్లలు, బొమ్మిడాయిలు, వాలుగలు, దోసెడు దోసెడు పరకలు రాలేవి. అవి ఎవరూ తెచ్చి పోసినవి కావు. వానాకాలంలో మత్తడి దూకే నీటికి ఎదురెక్కి వచ్చినవి.

కొర్రమట్టను చూడండి. ఎర్రని పిల్లల గుంపు నీటిపై ఉడుకుతున్నట్లు కదులుతుంటే, క్రింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ గుంపుమీద చేయి వేసినవానికి పెద్దచేప దెబ్బ తగలక మానదని మా ఊరి పిల్లవాడెవడైనా చెప్పును. తన పిల్లలను తానే కాచుకొనే చేప, బంగ్గాయి చేపవలెనే, దూరదేశాలకు గుడ్లను వెదజల్లదు. అయితే కొర్రమట్ట గాలి పీల్చగలదు, తడినేలమీద కొంతదూరం పాకగలదు. కనుక ఒక చెరువు వంశం పక్క చెరువుకు చేరదని నేననను. ఒక చెరువుకొక వంశమున్నదా, ఒక వాగుకొకటా, లేక గోదావరి పరీవాహకానికంతా ఒకటేనా అనేది తీరుబడిగా కూర్చుని ఊహించే విషయం కాదు. చేపలను పట్టి, చదివి తేల్చవలసిన విషయం. దేశంలో ఈ చేపల బంధువుల మీద జరిగిన పనిని చూస్తే, ‘చన్నా’ తెగలో ఒకే పేరుతో పిలిచినవి కొన్ని నిజానికి వేర్వేరు జాతులని తేలింది. మన రాష్ట్ర చేపగా ఎన్నుకొన్న కొర్రమీను గూర్చి మనకీపాటి శ్రద్ధ ఉండవద్దా?

ఈలోగా చెరువులలోని చేపే మారిపోతున్నది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి పెద్దజాతి చేపలచేత గుడ్లు పెట్టించి మత్స్య పరిశ్రమకు మహోపకారం చేశారు. నేడు ఆ తేదీనే జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నాము. ఆ విద్య ఫలమే బొచ్చె, రవ్వ, మృగాల పిల్లలను కోట్ల సంఖ్యలో ఉత్పత్తి చేసే కేంద్రాలు. 2016లో మన రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేపపిల్లలను ఇచ్చే పథకం మొదలైనప్పుడు, మా ఊరి మత్స్యకారుల ముఖాలలో చూసిన సంతోషాన్ని నేను మరచిపోలేదు. దానిని నేను తప్పుపట్టడం లేదు. కాని ఒక లెక్క గమనించండి. బాగా ఎదిగిన ఒక రవ్వ తల్లి ఒక ఋతువులో లక్షల గుడ్లు పెట్టగలదు. కనుక పట్టుమని పదిమంది తల్లులతో ఒక మండలంలోని చెరువులన్నిటినీ నింపవచ్చును! ఆ చెరువులన్నిటిలోనూ కలిపి ఉండేది ఆ పది మాతృవంశాలే. 1990లోనే ఏకనాథ్, డాయల్ అనే శాస్త్రజ్ఞులు కర్ణాటకలోని చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలను పరిశీలించి, తక్కువ తల్లిదండ్రులను వాడుటవలన దగ్గరి రక్తసంబంధాల సంతానం పెరుగుతున్నదని హెచ్చరించారు. పైగా ఉత్పత్తి కేంద్రాలలో బొచ్చె, రవ్వలు కలిసిపోయి సంకరాలు పుట్టుట కద్దు. ఇక్కడ మన మైటోకాండ్రియా పరీక్ష కూడ మోసపోతుందని నిజాయితీగా చెప్పవలెను. తల్లి బొచ్చె, తండ్రి రవ్వ అయిన చేపను పరీక్షిస్తే అది బొచ్చె అనే తేలుతుంది. తండ్రి ఊసు అందులో లేదు. కేంద్రకపు డి.ఎన్.ఏ.ను కూడ చదివితేనే సత్యం పూర్ణమవుతుంది.

వరదలు ఈ కలగలుపును మరింత వేగవంతం చేస్తాయి. 2023 జూలై చివర మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తినప్పుడు మనం మనుషులను, పశువులను గూర్చి దుఃఖించాము, అది న్యాయమే. అటువంటి వరదలో చెరువులలో పోసిన చేపలు వాగులో, వాగు చేపలు చెరువులలో పడతాయని వేరే చెప్పనక్కరలేదు. పెంపకపు చేప ఏది, పుట్టుచేప ఏది అని అటుపైన కంటితో తేల్చడం దుస్సాధ్యం.

‘మాస్టారూ, మత్స్యకారుని కడుపు నిండితే చాలదా, వంశంతో ఏం పని?’ అని కిందటేడు ఒక విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు. అతని తండ్రి వల వేసి బ్రతికే మనిషి గనుక ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయలేను. నా సమాధానమిది. ఒక చెరువులోని చేపలన్నీ ఒకే తల్లి సంతతియైనప్పుడు, ఒక తెగులు వస్తే అన్నిటికీ ఒకేసారి రావచ్చు. నీరు వేడెక్కితే తట్టుకొనే ఒకటిరెండు వంశాలైనా ఉంటే మళ్లీ విత్తనానికి మిగులుతాయి. లేకుంటే ఏటేటా బయటివాని విత్తనం కొరకు చేయిచాచవలసి వస్తుంది. మంచి రవ్వ రకం ‘జయంతి’ని 1997లో విడుదల చేసిన భువనేశ్వరు సంస్థవారు కూడ తమ పనికి నదులనుండి తెచ్చిన వేర్వేరు చేపలనే ముడిసరుకుగా వాడుకొన్నారు. ముడిసరుకే లేకుండా మెరుగైన రకం ఎక్కడినుండి పుడుతుంది? ఆ కుర్రవాడు పూర్తిగా ఒప్పుకొన్నాడని చెప్పలేను. ‘మరి మన వాగు చేపల ముడిసరుకు ఎక్కడ దాచినట్లు?’ అని మాత్రం అడిగాడు. సిగ్గుతో తలవంచుకొన్నాను. దాచలేదు గనుక.

ఇది నా స్వంత అపరాధం కూడ. డిగ్రీ చదివే రోజులలో మా ఊరి చెరువునుండి తోకవద్ద విచిత్రమైన మచ్చగల ఒక పరకను పట్టి, నేను చదివిన కళాశాల మ్యూజియంకు గర్వంగా ఇచ్చాను. దానిని ఫార్మలిన్ సీసాలో వేశారు. ఏండ్ల తరువాత పోయి చూస్తే సీసా ఉన్నది, చేప ఉన్నది, చీటీ లేదు. ఏ చెరువు, ఏ సంవత్సరం అనేది నాకు తప్ప ఎవరికీ తెలియదు. చీటీ ఉన్నా పెద్ద లాభం లేకపోయేది. ఫార్మలిన్ చేప ఆకారాన్ని చక్కగా నిలుపుతుంది గాని లోపలి డి.ఎన్.ఏ.ను ముక్కలుముక్కలు చేసి బిగించివేస్తుంది. దానిని చదువుట బహుకష్టం. మన ప్రాంతానికి ఉత్తరంగా గోదావరి దాటితే, సిరోంచ సమీపాన కోట అనే గ్రామం ఉన్నది. అక్కడి సున్నపురాతిలో 15 కోట్ల ఏండ్లకు పైబడిన చేపల శిలాజాలు 19వ శతాబ్ది మధ్యనుండి లోకప్రసిద్ధాలు. పొలుసు పొలుసునా లెక్కించవచ్చు. కాని వాటి వంశాక్షరాలు ఎన్నడో నశించినవి. ఇంతవరకు చదువగలిగిన అతి పురాతన డి.ఎన్.ఏ. సుమారు 20 లక్షల ఏండ్లనాటిది మాత్రమే. మన ఫార్మలిన్ సీసాలలోని చేపలు నిన్నటివే అయినా కోట శిలలవంటివే.

కనుక కళాశాల కార్యవర్గ సభ్యులకు నా విన్నపం చిన్నది. మ్యూజియంకు ఇకమీదట వచ్చే ప్రతి చేపనుండి రెక్కముక్క ఒకటి, గోరంత, కత్తిరించి 95 శాతం ఇథైల్ ఆల్కహాలుగల చిన్న సీసాలో వేరుగా ఉంచాలి. ఆకారం కొరకు చేపను ఫార్మలిన్‌లో ఉంచుకొన్నా అభ్యంతరం లేదు. బ్రతికిన చేపనుండి ఆ ముక్క తీసి దానిని మళ్లీ నీటిలో వదలవచ్చును గూడ. ఆల్కహాలు అనే మాటకు పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. అది ప్రయోగశాల ద్రవం తప్ప పానీయం కాదు. దానికి ఆబ్కారీ శాఖ అనుమతి పత్రం ఒకటి కావలెను, ఆ దరఖాస్తును నేను వ్రాసి ఇస్తాను. సీసాలు, చీటీలు, ఒక చల్లని పెట్టె. వార్షికోత్సవ వేదిక అలంకరణకు మనం ఏటా పెట్టే వ్యయంతో పోల్చితే ఇది లెక్కలోకి వచ్చేది కాదు. డి.ఎన్.ఏ.ను చదివే యంత్రం మనకు లేదన్న బెంగ వద్దు. సీసా భద్రంగా ఉంటే చదివేవారు రేపైనా వస్తారు, పదేండ్లకైనా వస్తారు. సీసా లేకుంటే ఎంత గొప్ప యంత్రమూ చేయగలిగింది లేదు.

విద్యార్థులు చేయవలసినది చీటీ వ్రాయుట. ఏ చెరువు లేక వాగు, ఏ ఊరు, తేదీ, పట్టినవారి పేరు. చేప పేరు మాత్రం మీ ఇంట్లో ఏ మాట అంటారో అదే మొదట వ్రాయండి, తెలుగులోనైనా ఉర్దూలోనైనా. లాటిన్ పేరు తరువాత నేను చేర్చుతాను. కృతకంగా పోసిన చేపపిల్లలున్న చెరువా, కాదా అనేది మత్స్యకారులనడిగి తప్పక వ్రాయాలి. వారికి తెలిసినంత మన పుస్తకాలకు తెలియదు. గణపసముద్రం మత్తడి దూకే రోజున పరకలు నీటికి ఎదురెక్కుతాయి. ఈ వర్షాకాలం ఆ రోజు వచ్చేలోగా మొదటి రెండు డజన్ల సీసాలు కడిగి, చీటీలంటించి, నా గది అల్మారాలో సిద్ధంగా ఉంచుతాను.